అతికించిన పేజీలు

"మా సార్ మొత్తం చదివారు. సెకండాఫ్‌లో పట్టు లేదన్నారు," అంటూ నిర్మాత ఆఫీసులో కథలు చూసే అక్క నా స్క్రిప్టు వెనక్కిచ్చింది.

టైర్ల షాపులో పనిచేస్తూ, అన్నం తినే టైములో కూడా రెండేళ్లపాటు రాసిన సినిమా అది. అక్కడే నిలబడి తిరగేశాను. నలభై, నలభై ఒకటో పేజీలు అతుక్కునే ఉన్నాయి. అసలు చదువుతారో లేదో తేల్చుకుందామని ఇచ్చేముందు నేనే అతికించాను.

ఒళ్లు మండిపోయింది.

"అబద్ధం చెప్పడానికైనా సిగ్గుండాలక్కా! విప్పని పేజీలు ఎలా చదివారు, దివ్యదృష్టితోనా?"

ఆవిడ తొణకలేదు. "చదివేది సార్ కాదు తమ్ముడూ, నేను. నీకంటే ముందు ఎంతమంది అతికించారో! ఇంతకీ నువ్వు దేంతో అతికించావు?"

"పంక్చర్ సొల్యూషన్‌తో."

"మరి అదేంటో చూడు."

గోటితో గీకాను. సొల్యూషన్‌లా రబ్బరు సాగలేదు, తెల్లగా పొట్టు రాలింది. ఆవిడ సొరుగు లాగి గమ్ము సీసా చూపించింది.

"విప్పడానికి అరగంట పట్టింది, మహానుభావా! చదివాక మళ్లీ అతికించాను. అందరివీ అంతే."

"ఎందుకు?"

"చదవలేదనుకుంటే మమ్మల్ని తిట్టుకుంటూ ఇంకోటి రాసుకొస్తారు. చదివే వద్దన్నారని తెలిస్తే కొంతమంది అక్కడితో ఆగిపోతారు."

"మరి నాకెందుకు చెప్పేశారు?"

ఆవిడ సీసా లోపల పెట్టి సొరుగు మూసింది.

"నా కథ వెనక్కిచ్చిన రోజు నేను నోరెత్తకుండా ఇంటికెళ్లిపోయాను. మళ్లీ రాయలేదు. నువ్వు తిట్టావుగా, రాస్తావులే."