పిట్టల పండితుడు

"ఇది మగది బావా, నుదుటి మీద ఎర్ర పొడ చూడు. తెల్లచుక్కలుంటే ఆడది. మాచర్లలో ఈ తేడా నాకు తప్ప ఎవడికీ తెలీదు!"

విరిగిన వేపకొమ్మ తొర్రలో దొరికిన వడ్రంగి పిట్ట పిల్లల్ని సుభానీ పక్కింటి అంకమ్మరావుకు చూపిస్తున్నాడు.

"హలీమాకు క్వినైన్ తాగించావా?" లోపల్నించి భార్య గుల్షన్ కేకేసింది. యుద్ధం పుణ్యమా అని ఆ చేదు చలిజ్వరం మందు దొరకడమే గగనం.

"ఎప్పుడో!"

వాకిట్లో కూతురు తుపుక్కున ఉమ్మింది. "నాకు తాగించావు బాబా. నేను జులేఖాని. చెప్పేలోగానే ముక్కు మూసి పోశావు." చెప్పేసి లోపలికి ఉరికింది.

అంకమ్మరావు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. సుభానీకి తల కొట్టేసినట్టయింది. పిట్టపిల్లల్ని తొర్రలో పెట్టి, మందుసీసా పట్టుకుని వెళ్ళాడు.

కవలలిద్దరూ ఒకే దుప్పట్లో కళ్ళు మూసుకుని ఉన్నారు. అవే జడలు, అవే పోగులు. పిట్టల పండితుడు తెల్లమొహం వేశాడు.

"ఏమే, ఆనవాలేంది?"

"జొరం ఎవరికుందో తెలియడానికి ఆనవాలెందుకయ్యా? ఎప్పుడన్నా పిల్లల్ని తాకితేగా!"

అరచేతికంటిన ఈకను లుంగీకి తుడుచుకుని, సుభానీ ఒక్కో నుదుటి మీదా చేయి వేశాడు. రెండోది పెనంలా కాలుతోంది.

"నేను జులేఖాని బాబా," అంది ఆ కాలుతున్న నుదురు.