రెండు మూరల కోనెం

తరతరాలుగా పెద్ద చేపల్నే పట్టేయడంతో, చిన్నగా ఉండగానే గుడ్లు పెట్టేవే సముద్రంలో మిగిలాయి. కోనెం చేప జానెడుకు మించి పెరగడం మానేసింది. పెద్దది దొరికితే వదిలేయాలని చట్టం వచ్చింది.

ఆ ఉదయం ఒంటరిగా వేటకెళ్లిన ఎర్రయ్య వలలో రెండు మూరల కోనెం పడింది. అంత పెద్దదాన్ని ముప్ఫై ఏళ్ల తర్వాత చూడటం! భార్య నూకాలు బతికుంటే ఎంత మురిసిపోయేదో.

"పెద్ద చేప. వదిలేయండి," అంది పడవలో చేపల్ని కొలిచే యంత్రం.

"దీన్ని సూడ్డానికి నువ్వొక్కదానివే మిగిలినావే," అన్నాడు ఎర్రయ్య యంత్రంతో. చేపను రెండు చేతులా ఎత్తి నీళ్లలోకి జార్చాడు. "పో తల్లీ. నీలాటి పిల్లల్ని కను."

ఒడ్డుకొచ్చి, చేపలమ్మే పైడమ్మతో చెప్పాడు.

"రెండు మూరల కోనెమా? కలగన్నావేటి మావా!" అని ఆమె నవ్వేసింది.

ఎర్రయ్య వల భుజాన వేసుకున్నాడు. చేతుల్లో ఆ బరువు ఇంకా తెలుస్తూనే ఉంది.