వలయాన్ని ముగించేదెవరు?

"నేను ఆడను. ఇంకెవరినైనా అడుక్కో పో."

వెర్డెల్ బెంచీ మీంచి కదల్లేదు. హార్లెం పార్కులో, జాజ్ పాటలకి జంటగా ఆడే స్వింగ్ నాట్యాల పండగ ముగింపుకొచ్చింది. జనం గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతుంటే, జంటలు ఒకదాని తర్వాత ఒకటి వలయంలోకి దూకి ఆడి వస్తున్నాయి.

"ఆంటీ, ఆఖర్న దిగి వలయం ముగించేది ఎప్పుడూ నాన్నేగా! ఆయన చోటు ఖాళీగా వదిలేద్దామా?" ఒడెస్సా బతిమాలింది.

ఒడెస్సా తండ్రి ఎజెల్ మాస్టారు మొన్న చలికాలంలో పోయారు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి తిరిగే వెర్డెల్‌ని చెవి పట్టుకుని తెచ్చి నాట్యంలో పెట్టినవాడాయన. ఆయన పోయాక ఆమె అడుగు వేయలేదు. బూరా మోగితే చాలు, ఏడుపు ముంచుకొస్తుంది. ఇవాళ వచ్చింది కూడా ఒడెస్సా మొహం చూసి.

"మీ నాన్న లేకుండా నా కాలు ఆడదే తల్లీ."

"ఆడకపోతే మానెయ్!" వేయించిన చేప నములుతూ క్లియోఫస్ వచ్చాడు. మాస్టారి దగ్గర ఆమెతోపాటే నేర్చుకున్నవాడు. "ఆ చోటు నాది. ఆస్పత్రిలో మాస్టారే నాతో చెప్పారు."

"నీతోనా? కోతలు కొయ్యకు."

"నమ్మకపోతే నీ ఖర్మ. అయినా నీ మోకాళ్లు ఎప్పుడో రిటైరయ్యాయిగా! నిమ్మరసం తాగుతూ కూర్చో."

ఒడెస్సా చెయ్యి పట్టుకుని వలయంలోకి దిగాడు. మాస్టారికి పేరు తెచ్చిన అడుగు మొదలెట్టాడు. స్వింగ్‌లో చప్పట్లు తాళంలోని నాలుగు దెబ్బల్లో రెండోదానికీ నాలుగోదానికీ పడాలని హార్లెంలో పాలు తాగే పిల్లలకీ తెలుసు. క్లియోఫస్ ఒకటికీ మూడుకీ కొడుతున్నాడు! జనం గొల్లుమన్నారు.

"ఎజెల్ మాస్టారి అడుగంటే ఇదే, చూసుకోండి!" అని అరిచాడు పైగా.

వెర్డెల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆగరా గాడిదా! ఆయన పరువు తీస్తున్నావు. జరగవే ఒడెస్సా!"

క్లియోఫస్ చెయ్యి లాక్కుని ఒక్క విసురు విసిరింది. డ్రమ్ములవాడు లేచి నిలబడి వాయించాడు. ఆమె తిరిగింది, జారింది, మాస్టారిలాగే గాల్లో కాలాడించి దిగింది. క్లియోఫస్ లయ కూడా ఎలా కుదిరిందో మరి, ఒక్క దెబ్బ తప్పలేదు. వలయం ఈలలతో హోరెత్తిపోయింది. ఇన్నాళ్లూ ఏడిపించిన పాట ఇప్పుడామెకు పట్టరాని సంతోషాన్నిచ్చింది. పాట ఆగింది. ఆమె తర్వాత దిగడానికి ఎవరూ సాహసించలేదు.

ఇద్దరూ రొప్పుతూ బెంచీ మీద కూలబడ్డారు.

"ఇప్పుడు చెప్పు," అంది వెర్డెల్ విజయగర్వంతో. "ఆ చోటు నీదని మాస్టారు నిజంగా చెప్పారా?"

"లేదు."

"నాకు తెలుసు! మరి ఏం చెప్పారు?"

క్లియోఫస్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"'వెర్డెల్ ఆడనంటే, నా అడుగు దాని కళ్లముందే పాడుచెయ్యరా' అన్నారు."