బావ ఇచ్చిన ఫోన్

"లాగ్ తియ్యమ్మా. నా పేరుతో లాగిన్ అవ్వాలని చూస్తున్నదెవడో ఇవాళ తేలిపోవాలి," అన్నాడు పున్నారావు, ఎదురుగా కూర్చున్న బావమరిది బాలాజీ మీంచి చూపు తిప్పకుండా.

బందరులోని వాళ్ల రొయ్యల మేత కంపెనీకి సొంత లాగిన్ సర్వర్ ఉంది. కంపెనీ మేత రేట్లు పోటీవాళ్లకు పొక్కుతున్నాయన్న అనుమానంతో పున్నారావు పాస్‌వర్డ్ మార్చాడు. ఆనాటి నుంచీ ఆయన అకౌంటు పొద్దస్తమానం లాక్ అయిపోతోంది.

సర్వర్ చూసే ఇంద్రజ స్క్రీన్ మీదికి వంగింది. "తప్పు పాస్‌వర్డ్ కొడుతున్నది ఒకటే ఫోనండీ. గుడివాడ బ్రాంచి నుంచి."

ఆ బ్రాంచి చూసేది బాలాజీయే.

"అనుకుంటూనే ఉన్నా! ఏదిరా నీ ఫోను, ఇలా పెట్టు."

బాలాజీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇంద్రజ దాన్ని తెరిచి చూసింది.

"ఇందులో మీ అకౌంటే ఉందండీ."

"అది నా పాత ఫోనే. కొత్తది కొన్నప్పుడు వాడికిచ్చాను."

"అకౌంటు తియ్యకుండా ఇచ్చేశారు. ఎవరూ ముట్టుకోకపోయినా ఫోనే మీ పాత పాస్‌వర్డ్ పంపుతోందండీ. అందుకే లాక్ అవుతోంది."

పున్నారావు కుర్చీలో ముందుకు జరిగాడు. "అంటే, నేను పాస్‌వర్డ్ మార్చేదాకా రేట్లన్నీ వీడి చేతిలోనే ఉన్నాయా?"

"ఉన్నాయండీ. కానీ ఈ ఫోన్ నుంచి రేట్ల పేజీలోకి ఒక్కసారి కూడా వెళ్లినట్టు లాగ్‌లో లేదు."

బాలాజీ ఫోన్‌ను బావ వైపు జరిపి లేచాడు.

"మీ అకౌంటు ఉందని ఇచ్చిన రోజే చూశాను బావా. నమ్మి ఉంచారనుకున్నాను."