వెనక సీటు

సైకిలు గొలుసుకి నూనె రాస్తున్నాడాయన. వరండా ఇంకా చీకటిగానే ఉంది. పీట మీద కూచుని, ఒక్కో లంకెనీ వేలితో నిమిరి, ఒక్కో చుక్క వేస్తున్నాడు.

భార్య వచ్చి లైటు వేసింది.

"గొలుసుకి నూనె పెడుతున్నారా, తలంటి పోస్తున్నారా?"

"నీ కుట్టుమిషనుకి నువ్వు పోసుకుంటుంటే నేనేమన్నా అడిగానా?"

వాళ్ళింట్లో పాలకంటే ముందు గొడవ పొంగుతుంది.

పెళ్ళయిన కొత్తలో సరదాపడి కొన్న రెండు సీట్ల సైకిలది. ముందు సీటు మొన్నమొన్నటిదాకా ఆయనది. ఇప్పుడు ఆమెది. ఆయన దిగింది సీటు మీంచే గాని, పెత్తనం మీంచి కాదు. బతుకంతా బస్సు నడిపిన మనిషి. వెనక హ్యాండిలు ఊరికే పట్టుకోవడానికే. అది తిరగదు, దానికి బ్రేకూ లేదు. ఆ లోటంతా నోటితో తీర్చుకుంటాడు.

"గేరు మార్చు. బెల్లు కొట్టు. అలా బ్రేకు పడితే జనం ముందుకు పడరూ?"

"ఏ జనం? ఉన్నది మీరొక్కరు" అంటుందామె.

నది పక్క బాట చాలామట్టుకు చదునే. నీళ్ళ పంపుల గది దాటాక మాత్రం మూడు దిబ్బలు, ఒకదాని వెనక ఒకటి. అక్కడ ఆయన నోటికి పట్టపగ్గాలుండవు. నిన్న బడిపిల్లలు వింటుండగా, "నీకంటే ఎద్దుబండి నయం" అన్నాడు. ఆ మాట రాత్రంతా ఆమెకి అరగలేదు.

గేటు దగ్గర ఆగింది.

"ఇవాళ ఆ దిబ్బల మీద మీ నోట్లోంచి ఒక్క సలహా వచ్చిందా, రేపట్నుంచి నేను ఒంటి సీటు సైకిలు తొక్కుకుంటా. ఇది పాత ఇనప కొట్టుకి. మీరు ఇంట్లో రేడియో వింటూ కూచోండి."

ఆయన మొహం పాలిపోయింది. రోజంతా కుర్చీలో మగ్గే మనిషికి ఒంటికి గాలి తగిలేది ఆ కాసేపే. అది ఆమెకీ తెలుసు. తెలిసే అంది.

"సరే" అన్నాడు.

మొదటి దిబ్బ. వెనక నుంచి తొక్కుడు పడుతూనే ఉంది, మాట మాత్రం పడట్లేదు. ఆమెకి భలే సరదా వేసింది. కావాలనే గేరు మార్చలేదు. వీపు వెనక పళ్ళు నూరుకుంటున్న చప్పుడు.

రెండో దిబ్బ దిగుతుంటే ఆయన గొంతు సవరించుకున్నాడు.

"దగ్గినా ఊరుకోను" అందామె.

మూడోది ఎక్కేసరికి ఇద్దరికీ ప్రాణం మీదికొచ్చింది. దిగుడు మొదలైంది. బాట నది వైపు వంగుతోంది. మీదంతా ఎండుటాకులు దట్టంగా రాలి ఉన్నాయి. ఆ మలుపొక్కటి దాటితే ఆయన గెలిచినట్టే.

"కుడికి తియ్యి. ఎడమ పక్క వేరు లేచి ఉంటుంది."

ఆమెకి ఒళ్ళు మండింది. ఎదురుగా ఆకులు తప్ప ఏమీ లేవు. వేరూ లేదు, గీరూ లేదు.

"నాకు కళ్ళున్నాయి లెండి" అని, పంతం కొద్దీ ఎడమకే తిప్పింది.

ఆకుల కింద వేరుంది.

సైకిలు ఒకవైపు, వాళ్ళిద్దరూ ముళ్ళపొదలో ఒకవైపు. పరుగెత్తుకుంటూ పోతున్నతను ఆగి, "దెబ్బలేమన్నా తగిలాయా?" అన్నాడు.

"తగలాల్సిన చోట తగల్లేదు బాబూ" అందామె ముళ్ళు పీక్కుంటూ. "ఆయన నోరు బాగానే ఉంది."

కానీ ఆ నోరు మళ్ళీ తెరుచుకోలేదు. వంకరపోయిన సైకిల్ని ఆమె ముందునుంచి లాగింది. ఆయన వెనక సీటు పట్టుకుని నడిచాడు. దారి పొడుగునా ఆమె తిడుతూనే ఉంది.

ఇంటికొచ్చాక చీరుకుపోయిన మోచెయ్యి కడుక్కుంటూ అంది:

"మాటంటే మాటే. ఒక్క సలహా కూడా వద్దన్నాను, ఇచ్చారు. రేపట్నుంచి నేనొక్కదాన్నే."

ఆయన పీట మీద కూలబడ్డాడు. మామూలుగా అయితే ఈపాటికి ఇల్లెగిరిపోవాలి.

"ఏం, ఇప్పుడు మాట పెగలట్లేదా? 'నే చెప్పలేదూ' అనరేం?"

ఆయన లేచి, గోడ వెంట వేళ్ళు రాసుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి, మూలనున్న తెల్ల కర్రని తడిమి అందుకుని, దాంతో మెట్టు తట్టి చూసుకుని, దిగి వెళ్ళిపోయాడు.