భుజం మీద చెయ్యి

బజారులో వద్దని, ఫోటోగ్రాఫరును ఆదోని కొండ వెనక్కి పిలుచుకొచ్చారు ఓబన్న, ఉరుకుందమ్మ. కొత్తగా పెళ్లయిన జంట, సిగ్గుపడుతున్నారనుకున్నాడు ఆయన.

ఎండ ముఖాల మీద పడేటట్టు ఇద్దరినీ ఒక బండ మీద కూర్చోబెట్టాడు. వాళ్ల మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉంది.

"దగ్గరికి జరుగప్పా. మొగుడూ పెండ్లాల మాదిరి కూసోండి."

ఓబన్న కొంచెం జరిగి ఆగిపోయాడు.

"ఆయమ్మ భుజం మీద చెయ్యెయ్యి."

చెయ్యి లేచింది గాని భుజం దాకా పోలేదు. ఉరుకుందమ్మ తల వంచుకునే ఉంది. ఫోటోగ్రాఫరు విసుక్కుంటూ వచ్చి, తానే ఆ చేతిని తీసి ఆమె భుజం మీద పెట్టాడు. ఓబన్న నిప్పు తగిలినట్టు లాక్కున్నాడు.

"నాతో కాదు వొదినా," అన్నాడు.

ఫోటోగ్రాఫరు బిత్తరపోయి ఇద్దరినీ చూశాడు.

"మా ఇంటాయన సచ్చిపోయి ఏడాదాయె అన్నా," అంది ఉరుకుందమ్మ. "ఒక్క ఫోటో గూడా లేదు. ఈయప్ప నా మరిది, అచ్చం ఆయన మొగమే. రేపు నా బిడ్డ, మా నాయన ఎట్లుండె అని అడిగితే ఏం సూపియ్యాల?"

ఫోటోగ్రాఫరు వెనక్కి నడిచాడు. కెమెరా మీది నల్లగుడ్డలో తల దూర్చాడు. ఓబన్న కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి వేశాడు.

"కండ్లు తెరువు నాయనా," అన్నాడు ఫోటోగ్రాఫరు, మెల్లగా.

పెద్దకడుబూరు బస్సులో ఊరివాళ్లుంటారని, ఫోటో తీయడం అయిపోగానే ఉరుకుందమ్మ నుదుటి మీది కుంకుమను కొంగుతో తుడిచేసుకుంది.