ఆరోగ్యవంతుడి రక్తం

బల్ల మీద రెండు చేతులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఎండుపుల్ల. రెండోది చొక్కా మడత పైకి తోసుకుని కండ చూపిస్తోంది.

ఎండుపుల్ల పెద్దల్లుడిది. గడియారాలు బాగుచేస్తాడు. పేగులో క్యాన్సర్ ముదిరాక బయటపడింది. వచ్చే వారం ఆపరేషన్.

కండ చిన్నల్లుడిది. కారు నడపడం నేర్పుతాడు.

"పేగు క్యాన్సర్ని మొదట్లోనే రక్తంలో పట్టుకునే పరీక్ష తయారుచేస్తున్నాం" అంది డాక్టరమ్మ. "జబ్బున్నవాళ్ళ రక్తం, లేనివాళ్ళ రక్తం పోల్చి చూడాలి."

"లేనివాణ్ణి నేనే!" చిన్నల్లుడు ఛాతీ విరిచాడు.

తోడల్లుళ్ళ సంగతి తెలిసిందేగా. అత్తగారు కూర ముందు ఎవరికి వడ్డించింది, ఎవరి పిల్లాడు ముందు నడిచాడు, అన్నీ వీళ్ళకు పందేలే. ఇన్నాళ్ళకు ఒకదాన్ని డాక్టర్లే తేల్చారు.

ఆ వారమంతా చిన్నల్లుడు కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు బ్రేకు కంటే ముందు ఈ సంగతే చెప్పాడు.

"ఆరోగ్యమంటే ఎలా ఉండాలో నా రక్తం చూసి తెలుసుకుంటారట!"

పెద్దల్లుడి ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ చిన్నల్లుడికి ఫోన్ చేసింది. అతని రక్తంలోనూ క్యాన్సర్ గుర్తులు కనపడ్డాయట. రక్తంతోనే తేలదు, గొట్టం వేసి పేగు చూడాలట.

"సీసాలు మారిపోయుంటాయమ్మా. అది మా అన్నయ్య రక్తం" అని పెట్టేశాడు.

పెళ్ళాం బతిమాలింది. తిట్టింది. వంట మానేసింది. అతను హోటల్లో తినొచ్చాడు.

చివరికి, కుట్లు ఇంకా ఆరని పెద్దల్లుడు పొట్ట పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

అతనికి భయంగా ఉంది. తననూ ఎవరైనా ముందే పరీక్షకు లాక్కెళ్ళి ఉంటే బాగుండేదని రోజూ బాధపడుతున్నాడు. కానీ ఆ మాట చెబితే వీడు వింటాడా?

"వద్దులే మరదలా, బలవంతం చెయ్యకు. గొట్టం వేసేముందు పేగు కడగడానికి మందునీళ్ళు తాగాలి. ఉప్పగా, జిగటగా రెండు లీటర్లు. వీడి వల్ల కాదు. నేను కాబట్టి తాగాను."

చిన్నల్లుడు పేపరు మడిచాడు.

"ఎంతసేపట్లో తాగావ్?"

"గంటలో."

"ఓస్, అంతేనా! ముప్పావుగంట చాలు నాకు."

అన్నట్టే తాగాడు. ఆపైన కాపురం బాత్రూంలోనే.

"అన్నయ్యా! నువ్వెన్నిసార్లు వెళ్ళావ్?" లోపల్నుంచే కేక.

"లెక్కపెట్టుకోలేదురా."

"అయితే నేనే ఎక్కువ!"

మర్నాడు గొట్టం వేసి చూశాక డాక్టరమ్మ పెద్దల్లుణ్ణి లోపలికి పిలిచింది.

"చిన్న బుడిపె ఉంది, తీసేశాం. పరీక్షకు పంపుతున్నాం. చూడబోతే ఇంకా చెడుగా మారినట్టు లేదు. మీకు చేసినట్టు పొట్ట కోయాల్సిన పని లేదు."

మంచం మీద చిన్నల్లుడు మత్తుగా కళ్ళు తెరిచాడు.

"అన్నయ్యా, నీదెంత ఉండేది?"

"నిమ్మకాయంత."

"మరి నాది?"

"శనగగింజంత."

"ఛ!" అని అటు తిరిగి పడుకున్నాడు.

వరండాలో మరదలు లేచి నిలబడింది.

"గెలిచాడమ్మా మీ ఆయన" అన్నాడు పెద్దల్లుడు.

ఇన్నేళ్ళలో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆమె ఏడ్చేసింది.

మత్తు దిగాక చిన్నల్లుడు మంచం మీంచి కాళ్ళు కిందికి వేసి చెప్పుల కోసం తడుముకున్నాడు.

"మీరు వంగకూడదు బావగారూ" అని మరదలు వారిస్తూనే ఉంది.

పెద్దల్లుడు పొట్ట పట్టుకుని మెల్లగా వంగి, మంచం కింద నుంచి చెప్పులు తీసి, ఆ కాళ్ళ దగ్గర పెట్టాడు.